రెండు వందల ఇరవై ఒక్క వందనాలు

బహుళ దశమి

హాజరు పద్నాలుగు. పోయిన వారం దాకా ఇరవై మూడు. పన్నెండేళ్ళు నిండిన తొమ్మిది మంది బడి ముగించుకుని పనుల్లోకి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా ఆచారం ప్రకారం ఒక్కొక్కరూ, సముద్రపు పోటుని ఆపే మా కట్ట గేటుకి వందనం పెట్టారు. అంటే గేటు ప్రోగ్రాంలో తమ పేరున ఒక బిళ్ళ తగిలించి, పక్కవాళ్ళకి వినపడకుండా దానికో మాట చెప్పారు. గేటు మూసుకునే ముందు ఒక్కో పేరుకీ బురుజు మీద దీపం ఒకసారి వెలిగి ఆరాలి. ఆ దీపాన్ని ఉప్పుగాలి తినేసి పన్నెండేళ్ళయింది. కొత్తది వేయించండని కట్ట సంఘం వారిని అడిగీ అడిగీ నా నోరు నొప్పెట్టింది. ఆచారం మాత్రం ఆపలేదు. మొదలుపెట్టింది నేను, నేనున్నంత కాలం ఆగదు.

ఈ పుస్తకంలో రోజూ రాయాలని కూడా సంఘం వారి ఉత్తరువే. ఉన్నది నేనొక్కదాన్నే టీచర్ని. పాఠం చెప్పాలి, ముక్కులు తుడవాలి, కొట్లాటలు తీర్చాలి, ఆపైన ఈ రాత ఒకటి.

ఈ రోజు పాఠం బిళ్ళలతో తూము నడపడం. పిల్లలు పలక మీద రంగు బిళ్ళల్ని వేలితో జరిపి ఒకదాని కింద ఒకటి తగిలిస్తారు. నీలం బిళ్ళ నీటిని చూస్తుంది, ఎర్రది తలుపు దించుతుంది, ఆకుపచ్చది ఎత్తుతుంది. తగలకూడని చోట బిళ్ళ తగలదు. ఏడేళ్ళ పిల్ల చేతిలో పెట్టినా ప్రమాదం రాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే చెబుతున్నాను, ఇదే చాలు.

చాలదనే మనిషి ఒకతి తయారైంది. నూకరత్నం, పదకొండేళ్ళది, పల్లపు వీధిలో మామ్మ దగ్గర ఉంటుంది. పలక పక్కన పడేసి ఒళ్ళో ఏవో కాగితాలు పెట్టుకుని చదువుతోంది. లాక్కుని చూశాను. గేటు ప్రోగ్రామే, కానీ బిళ్ళల్లో కాదు, రాతలో. ఒక్కో వాక్యం ఒక్కో పంక్తి, పేజీలకు పేజీలు. పిల్లలు రాత జోలికి పోకూడదని మా కట్ట నియమం.

"ఎవరిచ్చారే ఇది?"

"గేటు కాడ సింహాచలం తాతండి. నేనే అడిగేనండి."

"నీకు బిళ్ళలు చాలడం లేదా?"

"బిళ్ళలో ఏవుందో కనపడదు కదండి."

ఒళ్ళు మండిపోయింది. గంటసేపు గోడ దగ్గర నిలబెట్టాను. ఆ పిల్ల ఏడవలేదు, కాగితాల వంకే చూస్తూ నిలబడింది. సాయంత్రం వాటితోనే పొయ్యి రాజేశాను. తడికట్టెలు ఒక పట్టాన అంటుకోవు మరి.

మరిచాను. మధ్యాహ్నం మూడు గంటల పోటుకి గేటు ఆలస్యంగా మూసుకుందట. ఉప్పునీరు పల్లపు వీధిలోకి వచ్చి, మంచినీళ్ళ గుంట గట్టు అంచుకి ఇంకా నాలుగు జానలుందనగా ఆగింది.

ఏకాదశి

హాజరు పద్నాలుగు. ఈ రోజు మూడు జానలు.

గేటు కాపలాదారు సింహాచలం గారు బడికి వచ్చారు. డెబ్భై దాటాయి, రెండు కళ్ళలోనూ శుక్లాలు. మెట్లు తడుముకుంటూ ఎక్కి కూర్చున్నారు.

"నీరు గుర్తుని తాకిన పదకొండు నిమిషాలకి గానీ తలుపు కదల్డం లేదండి తాయారమ్మగారూ. గ్రీజు పెట్టేను, నీటిని చూసే కన్ను కొత్తది బిగించేను. ఆయ్, ఏం మార్చినా అదే పదకొండు."

"ఎప్పట్నుంచి?"

"ఆలస్యం ఏళ్ళ తరబడి ఉందండి. మొదట్లో నిమిషం, రెండు. తుప్పనుకున్నాను. యేటా కాస్త కాస్త పెరిగింది. సముద్రమూ పెరిగింది కదండి, ఇప్పుడా రెండూ కలిసేయి."

అమావాస్య పోటు ఎలా ఉంటుందని అడిగాను.

"గుంట దక్కదండి" అన్నారు.

మా దగ్గర తాగేనీళ్ళు ఆ గుంటవే. నాలుగు వందల గడపకి అదొక్కటే. ఒకసారి ఉప్పు కలిసిందంటే మళ్ళీ రెండు వానాకాలాలు దాటితే గానీ తీపెక్కదు. అన్నాళ్ళు ఏం తాగి బతకాలి? మాలాంటి ఊరే, ఏడో కట్ట, అలాగే ఖాళీ అయింది. ఇప్పుడక్కడ కొంగలు తప్ప ఎవరూ లేరు.

ద్వాదశి

వాన. హాజరు పదకొండు.

పిల్లల చేతే పలక మీద గేటు ప్రోగ్రాం దింపించాను. తప్పేమీ కనపడలేదు. నీరు గుర్తుని తాకితే నీలం బిళ్ళ, దాని కింద బొటనవేలంత పసుపు మడత, దాని కింద తలుపు దించే ఎర్ర బిళ్ళ. మూడే మూడు. పసుపు మడతలో వందనాలుంటాయి. ఒకడు అల్లరికి తోటివాడి పేరు పీకేశాడని, చాలా ఏళ్ళ కిందట దాన్ని నేనే మడిచి ముద్ర వేశాను. పలక మీద దానికి కొత్త పేరు చేర్చగలరు గానీ, విప్పలేరు, కదపలేరు.

నీటి గుర్తుని కిందికి దించి, గేటు ముందుగా పని మొదలుపెట్టేలా చేశాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను. తీరా చూస్తే, గేటు మరీ ముందే మూసుకుపోయి లోపలి వాననీళ్ళు బయటికి పోయే దారి లేకపోయింది. కాలవ వెనక్కి తన్నింది. మురుగంతా గుంట వైపు తిరిగింది. సింహాచలం గారు పరుగున వచ్చి గుర్తుని మళ్ళీ పాత చోటికి పెట్టించారు. నీరెక్కే వేగం రోజుకో తీరు కాబట్టి, ఎంత దించాలో లెక్క అందదు. వాన ఉన్నంతకాలం ఆఖరి నిమిషం దాకా గేటు తెరిచి ఉండాల్సిందే.

ఉన్నదాన్ని దిద్దడం వేరు, మొత్తం కొత్త ప్రోగ్రాం అల్లుదామంటే పన్నెండు పోట్లు పరీక్షించుకుంటే గానీ గేటు దాన్ని ఒప్పుకోదు. మాకున్నవి అయిదే.

రెండు జానల పైన నాలుగు వేళ్ళు.

త్రయోదశి

హాజరు తొమ్మిది. మిగతా వాళ్ళు ఇంట్లో సామాన్లు అటక మీదికి ఎక్కిస్తున్నారట.

సింహాచలం గారు మళ్ళీ వచ్చారు.

"ప్రోగ్రాంని రాతలో చదివి చూడాలండి. నాకా కళ్ళు కనపడవు. మన కట్ట మీద రాత చదవగలిగింది ఒకే ఒక్కర్తి ఉంది. మీరు ఒప్పుకుంటే..."

"ఆ పిల్లని రాత దగ్గర కూర్చోబెట్టమంటారా? మీరేనా ఈ మాట అంటున్నది?"

"నేనేనండి."

సంఘం వారికి తెలిసిందే, అయినా రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ళ కిందట ఈ గేటు చూసింది మా ఆయన వీర్రాజు. రాతలో ఒక పద్ధతి ఉంది. ఏ వాక్యం ముందైనా చుక్క పెడితే యంత్రం దాన్ని దాటేసి పోతుంది. గేటుకి గ్రీజు పెట్టాలని, మధ్యలో తలుపు పడకుండా, మూసే వాక్యం ముందు చుక్క పెట్టాడు. పని అయ్యాక తీయడం మరిచిపోయాడు. అంతే. తెల్లవారుజాము పోటుకి తలుపు పడలేదు. ఆరుగురు పోయారు. తలుపుని చేత్తో దించుదామని పరిగెత్తి మా ఆయనా పోయాడు. ఒక్క చుక్క. నా బిళ్ళల్లో అలాంటి చుక్క పెట్టడానికి చోటే లేదు. అందుకే రాతంటే నాకు పడదు. పిచ్చి అనుకోండి, మొండితనం అనుకోండి.

"కుదరదు" అన్నాను.

సింహాచలం గారు లేచి, గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "వీర్రాజు నా చేతి కింద పెరిగేడండి. నాకూ గుర్తే" అన్నారు.

ఒక జాన, రెండు వేళ్ళు.

చతుర్దశి

హాజరు పది. నూకరత్నం వచ్చింది, మూల కూర్చుంది.

పాఠం చెప్పే ఓపిక లేదు. చిన్నపిల్లలకి నేను ఆడించే ఆట ఒకటి ఉంది. పిల్లలే బిళ్ళలుగా వరసగా నిలబడతారు. బంతి ఎవరి చేతికొస్తే వాళ్ళు తమ పని చేసి పక్కవాళ్ళకిస్తారు. ఇవాళ గేటు ప్రోగ్రాం ఆడమన్నాను. నీలం బిళ్ళగా ఒకడు, ఎర్ర బిళ్ళగా ఒకతి. మధ్యలో పసుపు మడతగా ఎనిమిదేళ్ళ కాసులు నిలబడ్డాడు. నీలం వాడు "నీరొచ్చింది!" అని అరిచి బంతి ఇచ్చాడు. కాసులు బంతి పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"టీచరమ్మా, నేనేం చెయ్యాలండీ? నా లోపల ఏవుంది?"

"వందనాలున్నాయిరా. వంగి దండం పెట్టు."

"ఎన్నిసార్లండీ?"

ఇరవై ఎనిమిదేళ్ళలో ఏ పిల్లా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. మూలనుంచి నూకరత్నం గొంతు వినపడింది.

"రెండొందల ఇరవై ఒక్కసార్లు. ఒక్కోదానికీ మూడు సెకన్లు ఆగాలి."

కాసులు మంచి పిల్లాడు. వంగడం మొదలుపెట్టాడు. పిల్లలు లెక్కపెడుతూ నవ్వుతున్నారు. ఎర్ర బిళ్ళ పిల్ల చేతులు చాచుకుని బంతి కోసం నిలబడే ఉంది. నేను సుద్దముక్క తీసుకుని గోడ మీద లెక్క వేశాను. ఆరు వందల అరవై మూడు సెకన్లు. పదకొండు నిమిషాల మూడు సెకన్లు.

దీపం లేదు. వెలిగేదీ లేదు, ఆరేదీ లేదు. అయినా గేటు నీళ్ళలో నిలబడి, మా పిల్లలందరి పేర్లకీ ఒక్కొక్కటిగా ఆగుతోంది. బడి ముగించిన ప్రతి పిల్లా మూడేసి సెకన్లు కలుపుతూ వచ్చింది. కలపమన్నది నేను. కంటికి కనపడకుండా మడిచి ముద్ర వేసింది నేను.

"నీకెప్పుడు తెలుసే?" అని అరిచాను.

"కాయితాల్లో చూసేనండి."

"మరి చెప్పవేం? నీ ఇల్లు మునుగుతోంది, మీ మామ్మ మంచాన్ని ఇటుకల మీదెక్కించింది, చెప్పవేం?"

"చెబితే తీసేత్తారు కదండీ!" అని ఒక్క కేక పెట్టి బయటికి పరిగెత్తింది.

రోజంతా వెతికించాను. దొరకలేదు. సాయంత్రం పోటుకి నీరు గట్టు అంచు కింద నాలుగు వేళ్ళ మేర ఆగింది. చీకటి పడేలోగా పల్లపు వీధికి నేనే వెళ్ళాను. మోకాళ్ళ లోతు నీళ్ళు. నూకరత్నం అప్పటికి ఇల్లు చేరి, మామ్మ మంచం మీద ముడుచుకుని కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడితే తల ఎత్తలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. దీనికో అక్క ఉండేది, మరిడి. మూడేళ్ళ కిందట బడి ముగించింది. మరుసటేడు జ్వరంతో పోయింది. జ్వరం తగిలిన ఇంట్లో ఏదీ మిగల్చరు మా దగ్గర. బట్టలు, చాప, పలక అన్నీ కాల్చేస్తారు.

"అక్క మాట ఉందండి అందులో" అంది. "ఇంకేం లేదండి అక్కది. నేను చూసుకోడానికే అచ్చు తీయించుకున్నాను. మీరు లాగేసుకున్నారు."

ఆ కాగితాలు ఏమయ్యాయో చెప్పాను. పొయ్యిలో పెట్టానని దాచకుండా చెప్పాను. అది విని ఆ పిల్ల దిండులో మొహం పెట్టుకుంది. నేను ఆ నీళ్ళలోనే నిలబడ్డాను. తప్పయిపోయిందే అమ్మా అన్నాను. పిల్లలతో ఆ మాట అనడం నాకు అలవాటు లేదు.

అప్పుడు తల ఎత్తింది. "తీయక్కర్లేదండి. చుక్క పెడితే సరి. యంత్రం దాటేసి పోద్ది. మనం చదూకోవచ్చు."

మళ్ళీ అదే చుక్క. కాదనడానికి నోరు తెరిచాను. గుమ్మంలో నీళ్ళు కదులుతున్నాయి.

"పొద్దున్నే గేటు గదికి రా" అన్నాను.

అమావాస్య

హాజరు ఒకటి.

గేటు గదిలో బ్యాటరీ మొత్తం తలుపు మోటారుకే పోతుంది. తెర వెలగాలంటే ఎండ రావాలి. ఇవాళ ఎండ ఎక్కడిది? గాలి, వాన. ఆరు గంటల నుంచి ముగ్గురం నల్లటి తెర ముందు కూర్చున్నాం. ఆరూ పదిహేడుకి మబ్బు కాస్త పలచబడి తెర వెలిగింది. నీరు గుర్తుని తాకేది ఆరూ ముప్ఫై ఒకటికి. తాకిందంటే యంత్రం రాతను మింగేసి పని మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఏం దిద్దినా దానికి పట్టదు.

నూకరత్నం కీబోర్డు ముందు కూర్చుంది. కాళ్ళు నేలకి అందలేదు. సింహాచలం గారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నీటి కొలత తాడు పట్టుకున్నారు. నేను ఆ పిల్ల భుజం వెనక నిలబడ్డాను.

"మొత్తం ఒక్క దెబ్బకి తీసేస్తే నిమిషం కూడా పట్టదు" అన్నాను. అన్నందుకు సిగ్గుపడుతున్నాను, కానీ అన్నాను.

"అయితే మీరే తీయండి" అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"సర్లే. పెట్టు చుక్కలు."

చుక్క మీట ఉప్పుకి పట్టేసి, రెండేసి సార్లు నొక్కితే గానీ పడటం లేదు. నేను పేరు చదవాలి, అది చుక్క పెట్టాలి. అలా అయితేనే లెక్క తప్పదు. మొదటి పేరు పక్కనే ఆ పిల్లాడి మాట కూడా ఉంది. 'గేటమ్మా, మా నాన్న పడవ వచ్చాకే మూసుకో.' తర్వాతది, 'నాకు లెక్కలు రావు, ఎవరికీ చెప్పకు.' ఆ తర్వాతది, 'టీచరమ్మకి కోపం పైకే.' ఇరవై ఎనిమిదేళ్ళుగా యంత్రం ఒక్కదానికే తెలిసిన మాటలు. ఆ తర్వాతి మాట కూడా చదవబోయాను.

"మాటలు చదవకండి టీచరమ్మా, పేర్లు చాలు. ఇలాగైతే తెల్లారినట్టే!"

పేర్లే చదివాను. ముప్ఫై. అరవై. వీళ్ళలో కొందరికి ఇప్పుడు పిల్లలు, ఆ పిల్లలూ నా బడిలోనే. నూరు.

"అర జాన ఉందండి గుర్తుకి" అన్నారు సింహాచలం గారు.

నూట నలభై దగ్గర మీట పట్టేసి రెండు చుక్కలు పడ్డాయి. ఒకటి చెరిపింది. నూట డెబ్భై. నూట తొంభై.

"నాలుగు వేళ్ళు."

రెండు వందల ఒకటో పేరు చదవబోయి ఆగాను. నూకరత్నం చెయ్యి కూడా ఆగింది. నేను చదవకూడదనుకుంటూనే చదివాను. పైకే చదివాను.

'మరిడి. మా చెల్లికి రాత చదవడం ఇష్టం. దాన్ని తిట్టకండి టీచరమ్మా.'

మూడేళ్ళు. ఈ గేటు రోజుకి రెండుసార్లు ఈ మాట దగ్గర ఆగింది. అది ఎవరికి చెప్పిన మాటో వాళ్ళకి మాత్రం చేరలేదు, సముద్రానికి తప్ప ఎవరికీ వినపడలేదు. ఏడ్చేశాను. దాచుకునేదేముంది?

"రెండు వేళ్ళండి! ఏం చేస్తన్నారు మీరు?"

"చుక్క పెట్టు తల్లీ" అన్నాను.

"పోదు కదండీ?"

"పోదు. నేను చదివాను కదా."

పెట్టింది. మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. కళ్ళనీళ్ళకి అక్షరాలు అలుక్కుపోయాయి. రెండు వందల పదీ, పదకొండూ... ఎక్కడో లెక్క తప్పాను. పోయిన వారం వెళ్ళిన తొమ్మిది మంది పేర్లూ అయిపోయాయా, ఎనిమిదే అయ్యాయా? నూకరత్నం వేలు చుక్క మీట మీద ఉంది. తెర మీద ఇంకో వాక్యం ఉంది. అది ఆఖరి వందనమైతే చుక్క పడాలి. తలుపు దించే వాక్యమైతే పడకూడదు. పంతొమ్మిదేళ్ళ కిందటి చుక్క నా కళ్ళ ముందుకొచ్చింది. ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాను.

"తాకుతోందండి!"

"ఆగవే, ఆగు! లెక్క తప్పాను, అది ఏ వాక్యమో..."

"లెక్కతో పనేంటండి" అంది. మెల్లగానే అంది. "చెయ్యి తీయండి టీచరమ్మా. నేను చదువుతున్నాను."

చెయ్యి తీశాను. అది తెర వైపు వంగి, ఒక్క ఊపిరి సేపు చూసి, వేలు మీట మీద నుంచి తీసేసింది. చుక్క పెట్టలేదు. భద్రపరిచే మీట నొక్కింది.

సింహాచలం గారి చేతిలో తాడు బిగిసింది. మరుక్షణం కాళ్ళ కింద నేల అదిరింది. గొలుసులు కదిలాయి. తలుపు దిగిపోతోంది. ఒక్క పేరుకీ ఆగకుండా, ఎవరికీ వంగకుండా, తిన్నగా దిగి కూర్చుంది. అవతల అల వచ్చి దాన్ని కొట్టింది. ఇవతల కాలవలో నీరు కదల్లేదు.

"మా కాలంలో ఇంత చప్పున పడేది" అన్నారు సింహాచలం గారు, ఎటో చూస్తూ.

గట్టు అంచుకి రెండున్నర జానలు.

శుద్ధ పాడ్యమి

హాజరు పద్నాలుగు. గుంట నీళ్ళు పొద్దున నేనే రుచి చూశాను, తియ్యగానే ఉన్నాయి.

సంఘం వారికి విన్నపం. నియమం తప్పింది నేను, పిల్ల కాదు. పేర్లు గేటులోనే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. ఇంకమీదట చిన్నపిల్లలకి బిళ్ళలూ ఆటలూ చెబుతాను. ఆ ఆటే లేకపోతే కాసులు ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. పదేళ్ళు దాటిన వాళ్ళకి రాత కూడా చెబుతాను. మడతకి ముద్ర వెయ్యను. ఇష్టం లేకపోతే వేరే టీచర్ని చూసుకోండి.

ముందు నేను నేర్చుకోవాలి కదా. మధ్యాహ్నం ఎండ బాగా వచ్చాక నూకరత్నాన్ని వెంటబెట్టుకుని గేటు గదికి వెళ్ళాను. వరసలో అందరి కిందా నా వాక్యం ఒకటి రాస్తానన్నాను. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టేసరికి అరగంట పట్టింది.

'మరిడీ, తిట్టాను. ఇక తిట్టను. తాయారు.'

భద్రపరిచే మీట మీద వేలు పెట్టబోయాను. నూకరత్నం నా చేతి మీద చటుక్కున ఒక్కటేసింది.

"చుక్కేదండీ? చుక్క లేకుండా నొక్కితే గేటు ఆగిపోద్ది! ఇందాకట్నించీ ఎన్నిసార్లు చెప్పేను మీకు? బుర్ర ఎక్కడ పెట్టుకుంటారు?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను పిల్లల్ని తిట్టే తిట్టు అక్షరం పొల్లుపోకుండా అదే. నోరు మూసుకుని చుక్క పెట్టాను.